కూర్చున్న కాడికే దుకాణం

ట్రాక్టర్ ఇంజన్ బందైనా దాని అదురు మీ ఒంట్లోంచి ఇంకా పోలేదు. పెన్‌పహాడ్ నుంచి ఇక్కడిదాకా మడ్‌గార్డు మీదే కూర్చొని వచ్చారు. మెడకు చుట్టుకున్న తువ్వాల మంచుకు తడిసింది. కార్తీకమాసం, తెల్లవారుజాము. ముందు ఒక ట్రాలీ, దాని ముందు ఇంకో ట్రాలీ, వాటి వెనక అతికించిన ఎర్ర రేడియం పట్టీలు ఒకదాని వెంట ఒకటి మలుపు దాకా మెరుస్తున్నాయి. మిర్యాలగూడ రైస్ మిల్లు గేటు ఆ మలుపు అవతల ఉంది. ఎంత దూరమో అడగకండి. ఇక్కడ దూరాన్ని కిలోమీటర్లలో చెప్పరు, "మన ముందట ఎన్ని ట్రాక్టర్లున్నయ్" అని లెక్కపెట్టుకుంటారు.

మీ వెనక ట్రాలీలో పచ్చి వడ్లు. చేయి పెట్టి చూడండి, పైన చల్లగా ఉంది, మోచేతి దాకా దింపితే లోపల వెచ్చగా తగులుతుంది. హార్వెస్టర్ కోసింది, గొట్టంలోంచి ట్రాలీలో పోసింది, మీ చిన్నాయన తాళ్లతో పరదా బిగించి నేరుగా ఇటే తోలుకొచ్చాడు. కళ్లంలో ఆరబోయడం, తూర్పారబట్టడం, బస్తాలకెత్తడం ఏదీ లేదు. సన్న వడ్లను పచ్చివి పచ్చిగానే కొనే మిల్లులు ఇక్కడున్నాయి కాబట్టే నల్లగొండ, సూర్యాపేట జిల్లాల ట్రాక్టర్లన్నీ కోతల కాలంలో ఇటు మొహం పెడతాయి. మిర్యాలగూడను ఆసియాలోనే పెద్ద బియ్యం మిల్లుల కేంద్రాల్లో ఒకటని ఇక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఆ గొప్ప ఎంతో ఈ లైన్లో కూర్చున్నవాడికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు.

"దిగి చాయ్ తాగొద్దామా చిన్నాయినా?"

స్టీరింగు మీద తల వాల్చిన మనిషి కళ్లు తెరవకుండానే జవాబిస్తాడు. "దిగితే లైను జరుగుతది. జరిగినంక మనం లేకుంటే ఎనకోడు దూరుతడు. కూసో."

కూర్చున్నారు. కాసేపటికి సన్నని హెడ్‌లైటు వెలుగు ఒకటి ట్రాలీల పక్కనుంచి పాక్కుంటూ వస్తుంది. టీవీఎస్ ఎక్సెల్. దానికి ఓ పక్క చాయ్ క్యాను, ఇంకో పక్క సంచిలో కాగితం కప్పులు, బిస్కెట్ ప్యాకెట్లు. నడిపే అతను బండి దిగడు. ఒక కాలు నేలకానించి, క్యాను కుళాయి తిప్పి కప్పు నింపి పైకి అందిస్తాడు. మీరు మడ్‌గార్డు మీద నుంచి వంగి అందుకుంటారు. చిన్నాయన జేబులోంచి చిల్లర తీసి కిందికి జారవిడుస్తాడు. కొన్నవాడు దిగలేదు, అమ్మినవాడూ దిగలేదు, రెండు ఇంజన్ల మధ్య బేరం ముగిసింది. చాయ్‌లో చక్కెర దండిగా ఉంది. ఈ వేళప్పుడు ఉండాల్సిందే.

హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలు డ్రైవ్-త్రూలని పెట్టాయి. కారు ఒక వంకర దారిలో దూరుతుంది, బోర్డు దగ్గర ఏం కావాలో చెప్పాలి, కిటికీ దగ్గర డబ్బు కట్టి కాగితం సంచి పట్టుకొని బయటపడాలి. ఆ పద్ధతి పుట్టింది అమెరికాలో. మెక్‌డొనాల్డ్స్ తన మొదటి డ్రైవ్-త్రూ కిటికీని 1975లో ఆరిజోనా రాష్ట్రంలోని సియెర్రా విస్టాలో తెరిచింది. పక్కనే ఫోర్ట్ హువాచుకా సైనిక స్థావరం. పని దుస్తుల్లో ఉన్న సైనికులు బయట కారు దిగకూడదని నియమం. దిగలేని గిరాకీ కోసం గోడకు కిటికీ కొట్టారు. ఇక్కడ చిన్నాయనకు ఏ సైన్యమూ నియమం పెట్టలేదు, వెనకోడు దూరుతాడన్న భయమే చాలు. ఆ భయం ఉన్నచోటికల్లా చాయ్ క్యాను వస్తుంది. అక్కడ దుకాణం కదలదు, కారు పోవాలి. ఇక్కడ చక్రం కదలదు, దుకాణమే నడిచొస్తుంది. చాయ్ బండి అతనికి గోడా లేదు, కిటికీ లేదు. ఎదుటివాడు ఆగిపోయి ఉండటమే అతని పెట్టుబడి.

2021 వానాకాలం కోతలప్పుడు ఈ ఆగిపోవడం ఎంత ముదిరిందంటే, మిల్లులకు రావాలంటే టోకెన్ ఉండాలన్నారు. టోకెన్ల కోసం రైతులు మళ్లీ బారులు తీరారు. లైన్లో నిలబడే హక్కు కోసం ఇంకో లైను. ఆ రోజుల మాటెత్తితే చిన్నాయన మొహం చిట్లిస్తాడు, అంతకంటే ఏమీ చెప్పడు.

తెల్లారింది. లైను జరిగింది. జరిగిన ప్రతిసారీ ఇంజన్ స్టార్టు, ఒక ట్రాలీ పొడవు, మళ్లీ బందు. గేటు దగ్గరికి వచ్చేసరికి ఎండ భుజాల మీదికెక్కింది. మిల్లు మనిషి మొన తేలిన ఇనుప గొట్టాన్ని ట్రాలీలోకి పొడిచి లాగుతాడు. నడిమిలో ఒకటి, మూలన ఒకటి. పైపైన మంచివి పోసి అడుగున తాలు దాచారేమోనని అడుగు దాకా గుచ్చుతాడు. గొట్టంలో వచ్చిన గింజల్ని అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఉఫ్‌మని ఊది, మిగిలిన బియ్యాన్ని వెలుగుకు పెడతాడు. పచ్చగింజ ఎంత, విరిగింది ఎంత అని చూస్తూ ఒకటి పంటి కింద వేసుకుంటాడు.

"ఏం రకం?"

"చింట్లు."

"పదునెక్కువున్నది పెద్దమనిషీ."

"పచ్చి వడ్లు పదును లేక ఎండగొడ్తయా?"

బేరం అంతా కింద నిలబడ్డ మనిషికీ సీటు మీది మనిషికీ మధ్య సాగుతుంది. ఎ గ్రేడు వడ్లకు 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. తేమ 17 శాతం మించకూడదన్నది ప్రభుత్వ కొనుగోలు కేంద్రాల లెక్క. సన్నాలను ఆ కేంద్రంలో ఇస్తే రాష్ట్ర ప్రభుత్వం 500 బోనస్ ఇస్తుంది. మరి చిన్నాయన ఇక్కడికెందుకొచ్చాడు? కేంద్రంలో అయితే ఆరబోయాలి, వాన పడితే పరదాలు కప్పాలి, వంతు కోసం కుప్ప పక్కన పడుకోవాలి. ఇక్కడైతే ఒక రాత్రితో తేలిపోతుంది. బోనసుకూ నిద్రకూ మధ్య లెక్క ఆయన వేసుకునే వచ్చాడు, తప్పని చెప్పడానికి మీరెవరు?

వేబ్రిడ్జి ఎక్కింది ట్రాక్టర్. ఇనుప పలక కొద్దిగా ఊగి సర్దుకుంటుంది. గదిలో ఎర్రంకెలు పరుగెత్తి నిలబడతాయి. అది లోడు తూకం. లోపలికి పోయి వడ్లు గుమ్మరించి, మళ్లీ ఇదే పలక మీదికి వస్తే ఖాళీ తూకం. రెంటికీ తేడా మీ వడ్లు. ఇప్పుడు మీకు కాళ్లు తిమ్మిరెక్కాయి, ఖాళీ తూకం దగ్గర దిగి ఒళ్లు విరుచుకుందామనుకొని ఒక కాలు కిందికి పెట్టారు. గదిలోంచి కేక.

"దిగకు! ముందు ఎక్కే ఉన్నవ్ కదా, ఇప్పుడూ ఎక్కే ఉండు."

నిజమే. లోడప్పుడు మీరు ట్రాక్టర్ మీద ఉన్నారు. ఖాళీ అప్పుడు దిగితే మీ ఒంటి బరువంతా వడ్ల ఖాతాలో పడుతుంది. డెబ్బై కిలోలున్న మనిషి మద్దతు ధర లెక్కన పదహారు వందల డెబ్బై రూపాయల పైచిలుకు చేస్తాడు. అటు తిరగేసి లోడప్పుడు దిగి ఖాళీ అప్పుడు ఎక్కితే ఆ సొమ్ము చిన్నాయన జేబులోంచి పోతుంది, అప్పుడు కేక వేసేది ఆయన. వాహనం దిగకుండా జరిగే వ్యాపారాలు లోకంలో చాలా ఉన్నాయి గానీ, దిగినవాడిని ధర కట్టి అమ్మేసేది మాత్రం వేబ్రిడ్జి ఒక్కటే. చిన్నాయన మీ వంక చూసి నవ్వుతాడు. రాత్రి నుంచి ఆయన నవ్వడం ఇదే మొదటిసారి.

ఆదివారం సాయంత్రం. ఇప్పుడు మీరు కారులో ఉన్నారు, హైదరాబాద్‌కు తిరుగు ప్రయాణం. నడిపేది ఊరి కుర్రాడు, పట్నంలో క్యాబ్ తోలుతాడు, పండక్కో పనికో వచ్చినప్పుడు తిరిగిపోయేవాళ్లను ఎక్కించుకుంటాడు. పెన్‌పహాడ్ దాటి సూర్యాపేట దారి పట్టగానే కారు సగం రోడ్డు మీదే నడుస్తోంది, మిగతా సగం వడ్లది. ఎండబోసిన వడ్ల అంచుకు రాళ్లు పేర్చారు. ఒకామె కాళ్లతోనే గింజల్ని తిరగదోస్తూ, కారు వస్తే తల కూడా ఎత్తకుండా మీకు దారి చూపిస్తుంది. ఇది నేరమని అధికారులు ఏటా చెబుతారు. చీకట్లో ఆ రాళ్లకు తగిలి బైకుల మీదివాళ్లు పడుతూనే ఉంటారు. సిమెంటు కళ్లాలు ఊరికి చాలినన్ని ఉంటే రోడ్డు మీద ఎవరు పోస్తారన్న మాటా ఏటా వినపడుతుంది.

సూర్యాపేట అంచున పెట్రోల్ బంకు. మన దేశంలో అందరికీ అలవాటై, ఎవరూ గుర్తించని డ్రైవ్-త్రూ ఇది. అద్దం దిగుతుంది, మనిషి వస్తాడు. "జీరో చూస్కోండన్నా." మీరు మీటరు వైపు చూస్తారు, చూసినట్టు తల ఊపుతారు. అనుమానముంటే అయిదు లీటర్ల కొలపాత్రలో పోసి చూపించమని అడిగే హక్కు మీకుంది, తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన పాత్ర ప్రతి బంకులో ఉండాలి. అడిగినవాళ్లను మీరు ఎప్పుడైనా చూశారా? అడగాలంటే దిగాలి. దిగనివాడి నమ్మకం మీద బంకు నడుస్తుంది. గాలి ఉచితమే, కానీ దానికీ ఇంకో వరుస ఉంది, కుర్రాడు వద్దంటాడు.

పట్నంలో పాతవాళ్లెవరైనా ఇలాంటి సంగతులు మాట్లాడితే మద్రాసు వుడ్‌ల్యాండ్స్ డ్రైవ్-ఇన్ గుర్తు చేసుకుంటారు. కెథడ్రల్ రోడ్డులో 1962లో మొదలై 2008 దాకా నడిచింది. కారు చెట్ల కింద ఆగితే సర్వరు వచ్చి తలుపుకు పళ్లెం తగిలించేవాడు, ఇడ్లీ సాంబారు ఒళ్లోనే. దాని తొలినాళ్లలో మన తెలుగు సినిమా దాదాపు అంతా మద్రాసులోనే ఉండేది. ఇప్పుడక్కడ సెమ్మొళి పూంగా అనే తోట ఉంది. అది దర్జా. మనం పోతున్న చోటికి ఆ దర్జా లేదు.

కారు హైవే ఎక్కింది. ఒకప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65. టేకుమట్ల దగ్గర మూసీ వంతెన మీద చల్లగాలి ఒక్కసారి కిటికీలోంచి దూరి పోయింది. కొద్దిసేపటికి దూరాన పైకప్పు దీపాలు, వాటి కింద ఎర్ర తోకల వరసలు. కొర్లపహాడ్ టోల్‌ప్లాజా. హైదరాబాద్–విజయవాడ దారిలో ఉన్న మూడింటిలో నడిమిది. అటు పంతంగి, ఇటు చిల్లకల్లు.

కారు నెమ్మదించగానే మొదట వినపడేది గొంతులే. "పల్లికాయ్, పల్లికాయ్..." "వాటర్, వాటర్, కూల్ వాటర్..." "జామకాయ్..." దీపాల వెలుగులో గంపలు కదులుతున్నాయి. గంప మోసే మనిషి లైన్ల మధ్య సందులో నడుస్తోంది. ఆ సందు ఎంత ఇరుకంటే రెండు కార్ల అద్దాలు చాచుకుంటే గంప పట్టదు, ఆమె పక్కకు తిరిగి నడవాలి. లారీ వస్తే గంప తల మీదికి, కారు వస్తే నడుము మీదికి. కిటికీ ఎంత ఎత్తుంటే సరుకు అంత ఎత్తుకు మారుతుంది.

చూడండి, ఆమె ప్రతి కారు దగ్గరా ఆగడం లేదు. నల్ల అద్దాలు ఎత్తి ఉన్నవాటిని చూడనైనా చూడదు. వెనక సీట్లో పిల్లలుంటే నడక నిదానిస్తుంది. డ్రైవర్ మోచేయి బయటికి పెట్టి ఉంటే ఆగుతుంది. మీ కుర్రాడి మోచేయి బయట ఉంది.

"తమ్మీ, సీతాఫలాలు తీస్కో. గుట్ట మీది కాయలు."

"కచ్చివున్నయక్కా."

"ఏడ కచ్చివి? కండ్లు తెరిసినయ్ సూడు." కాయను వేళ్ల మీద తిప్పి చూపిస్తుంది. పొలుసుల మధ్య గీతలు విచ్చుకొని తెల్లబారాయి. "ఇయ్యాల పెట్టు, రేపు పొద్దుగాల తిను. ఇంటికి పోయేసరికి మెత్తబడ్తయ్ సారూ." ఈ చివరి మాట మీకు. డబ్బు మీ దగ్గరే ఉంటుందని ఆమెకు కుర్రాడి కంటే ముందే తెలుసు.

ముందు కారు కదిలింది. మీ కారూ కదిలింది. ఆమె కూడా కదిలింది, ఒక చేయి మీ కిటికీ అంచు మీద వేసి, కారు వేగంతోనే, పక్క చూపు పక్కనే ఉంచి. బేరం ఆగలేదు. ఆమె వంద అంది, మీరు డెబ్బై అన్నారు, ఆమె చప్పరించి కాయలు ఒక్కొక్కటే కవర్లోకి దించడం మొదలుపెట్టింది. ఎంతకు ఒప్పుకుందో ఇంకా చెప్పలేదు. ఎడమచేతి వేళ్ల మధ్య నోట్లు నిలువుగా మడిచి ఉన్నాయి, పదులొక వేలి సందున, ఇరవైలొక సందున, బస్సు కండక్టర్లు పట్టుకున్నట్టు. చిల్లర వెతికే తీరిక ఈ వ్యాపారంలో లేదు.

ఇంతకు ముందు ఉండేది. ఇదే గేటు దగ్గర నోటు ఇచ్చి, చిల్లర కోసం చూసి, రసీదు తీసుకొని, "చిరిగిన నోటిచ్చావేందయ్యా" అని పోట్లాడి కదిలేవారు. ఒక్కో కారుకు ఆ జాగు వెనక్కి పేరుకొని లైను పెరిగేది. లైను పొడవే ఈ అంగడి పొడవు. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరైంది. అద్దానికి అంటించిన చిన్న స్టిక్కర్, పైనున్న యాంటెన్నా దాన్ని చదువుతుంది, బ్యాంకు ఖాతాలోంచి డబ్బు పోతుంది, అడ్డకర్ర లేస్తుంది. అదే ఏడాది మేలో జాతీయ రహదారుల సంస్థ ఒక కొలత పెట్టింది: రద్దీ వేళల్లోనూ బండికి పది సెకన్లు మించకూడదు, లైను వంద మీటర్లు దాటకూడదు. పది సెకన్లలో కాయ కండ్లు తెరిచిందో లేదో చూపించగలరా? సంస్థ గెలిచిన చోటల్లా గంప ఓడిపోయింది. ఎవరిదీ తప్పనలేం. పండక్కి ఊరికి పోతూ ఈ లైన్లో గంటలకు గంటలు పసిపిల్లలతో ఉడికిపోయిన వాళ్లను అడిగితే ఫాస్టాగ్ పెట్టినవాడికి దండం పెడతారు. నేనూ పెడతాను. కానీ ఆ దండం పెట్టేటప్పుడు ఈమె పక్కనే నిలబడి ఉంటుందన్నదే ఇబ్బంది.

అయినా ఈ అంగడి చావలేదు, సందు చూసుకుంది. ఇప్పుడు ఆమె కళ్లు పైన దీపాల మీద ఉన్నాయి. ఏ గేటు దగ్గర అడ్డకర్ర లేవలేదో చూస్తోంది. మీ ముందు మూడో కారు దగ్గర ఎర్రదీపం. బ్యాలెన్స్ లేక ట్యాగ్ బ్లాక్‌లిస్టులో పడి ఉంటుంది, లేదా స్టిక్కర్ చెడింది. చేతి రీడర్ పట్టుకొని ఒకతను పరుగెత్తుకొచ్చి అద్దానికి ఆనించాడు. చదవలేదు. 2025 నవంబరు 15 నుంచి అమలైన నియమంలో నగదు కడితే రెండింతలు. యూపీఐలో అయితే ఒకటింపావు. ఆ డ్రైవర్ దిగి వాదిస్తున్నాడు. వెనకనుంచి హారన్లు మోగుతున్నాయి. మన లైన్లోకి మాత్రం నాలుగు గంపలు, రెండు నీళ్ల బకెట్లు, ఒక చిప్స్ దండ ఒక్కసారే వచ్చి చేరాయి. మీకు చిరాకు తెప్పించిన ఆ ఎర్రదీపం వాళ్లకు బోణీ.

పండగలు, జాతరలు కూడా వాళ్ల లెక్కలో ఇట్లాగే ఉంటాయి. సంక్రాంతి వస్తే ఫాస్టాగ్ కూడా చేతులెత్తేస్తుంది, ఆంధ్రా వైపు గేట్లు ఎన్ని తెరిచినా లైను పెరుగుతుంది. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతర వస్తే మాత్రం తిరకాసు. గుట్ట హైవేను ఆనుకునే ఉంది కాబట్టి పోలీసులు విజయవాడ బండ్లను నార్కట్‌పల్లి దగ్గరే నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా మళ్లిస్తారు. అప్పుడు ఇక్కడి గిరాకీ అటు పోతుంది. వాళ్లు గుట్ట కిందికి పోతారు, అక్కడ "ఓ లింగా" అంటూ నడిచొచ్చే జనానికి అమ్ముతారు. నడిచేవాడికి అమ్మడం తేలికేమీ కాదట, వాడు నాలుగు గంపలు చూసి కొంటాడు. కారులోవాడికి ఒక్క గంపే కనపడుతుంది.

ప్లాజా యూనిఫారం మనిషి లాఠీ ఊపుకుంటూ వస్తున్నాడు. లైన్లలో అమ్మకాలు నిషేధం, ప్రమాదం కూడా. లారీ డ్రైవర్‌కు తన ఎడమ చక్రం పక్కన వంగిన మనిషి కనపడదు. గంపలు రెండు లైన్ల అవతలికి జరిగాయి, ఆయన దాటగానే మళ్లీ వచ్చాయి. ఇద్దరి మొహాల్లోనూ కోపం లేదు. రోజూ జరిగేదే.

"ఎనభయ్ ఇయ్యి సారూ, జల్దీ." కవరు మీ ఒళ్లో పడింది. మెడలో వేలాడే క్యూఆర్ కార్డు కిటికీలోకి చాపింది. ప్లాస్టిక్ తొడుగు మీద దీపం వెలుగు పడి ఫోన్ చదవడం లేదు. ఆమె అరచేయి అడ్డం పెట్టింది, చదివింది. అంకె కొట్టారు, పిన్ కొట్టారు, తెర మీద చక్రం తిరుగుతోంది. ముందు ఎర్రదీపం పచ్చబడింది. వెనక కారు హారన్ మీద చేయి తీయడం లేదు.

"తిరుగుతున్నదక్కా ఇంకా!"

"పో సారూ, పడ్తయ్ తియ్." అప్పటికే ఆమె కిటికీ వదిలేసింది, వెనక కారులో పిల్లవాడికి జామకాయ చూపిస్తోంది.

అడ్డకర్ర లేచింది. టోల్ కట్టినట్టు కుర్రాడి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మీ ఫోన్‌లో చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ప్లాజా దాటి కొంత దూరం పోయాక గానీ పచ్చ టిక్కు పడలేదు. కవరు విప్పి చూశారు. నాలుగింటికి కండ్లు తెరిచాయి, రెంటికి లేదు.

"పంతంగి కాడ మక్క కంకులు మంచిగుంటయన్నా," అంటాడు కుర్రాడు గేరు మారుస్తూ. "ఆడ లైనుంటే కొందాం."

"లేకుంటే?"

"లేకుంటే ఇంటికి జల్దీ పోతం."